ఇంట్లో మిగిలిన ఉద్యోగం కాగితాలు: పట్వారీ, గిర్దావరు, సమితి ఉద్యోగుల దస్త్రాలను సర్దే పద్ధతి

"మా తాత దేవరకొండ తాలూకాలో గిర్దావరు చేసిండు. ట్రంకు పెట్టె నిండా కాగితాలున్నయి. ఏం చేయాలె?" ఊరి పేరు మారి, హోదా మారి ఇదే ప్రశ్న నాకు తరచూ వస్తోంది. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కాగితాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. పట్వారీ అంటే ఊరి భూమి లెక్కలు రాసినవాడు, గిర్దావరు అంటే తర్వాతి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, సమితి అంటే మండలాలకు ముందటి పంచాయతీ సమితి.

ఆదివారాలు మాత్రమే కూర్చుంటే ఒక ట్రంకు పెట్టెకు రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్క పూటలో తేల్చేద్దామనుకుంటే మాత్రం పెట్టె మూత తీయకండి.

1. మూట విప్పకముందు

మా పెదనాన్న తహసీల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఆయన పోయాక మేం చేసిన మొదటి పని, కాగితాలన్నీ డాబా మీద ఎండబెట్టడం. మధ్యాహ్నం గాలి లేచింది. తర్వాత ఏడాదిపాటు ఆదివారాలన్నీ వాటిని మళ్లీ జత కలపడానికే పోయాయి. ఏ కాగితం వెనక ఏది ఉండేదో గుండుసూది వదిలిన తుప్పు మరకను బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది. ఒక కాగితం మీది మరక, ఇంకో కాగితం మీది మరక సరిగ్గా ఒకదానిపై ఒకటి కూర్చుంటే ఆ రెండూ ఒకే ఫైలువి. ఇప్పటికీ కొన్నింటికి జత దొరకలేదు.

అందుకే చెబుతున్నా: కాగితాలు ఉన్న వరస కూడా సమాచారమే. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు, దాని కింద రిలీవింగు, దాని కింద చార్జి లిస్టు (ఆఫీసు సామాను, రికార్డులు అప్పగించిన జాబితా), చివర టీఏ బిల్లు (ప్రయాణ ఖర్చులది) ఉన్నాయంటే ఆ మనిషి అలా పెట్టుకున్నాడు కాబట్టే. భూమివన్నీ ఒకచోట, జీతంవన్నీ ఒకచోట అని మీరు వేరు చేసిన నిమిషంలో ఆ వరస పోతుంది. విషయం వారీగా కావాలంటే అది రిజిస్టరులో చేసుకోవచ్చు, కాగితాలతో కాదు.

ముందు చేయాల్సినవి:

- పెట్టె మూత తీసి, ఏమీ కదపకుండా పైనుంచి ఫోటో తీయండి.
- ఒక్కో మూట బయటికి తీస్తున్నప్పుడల్లా మరో ఫోటో. పైనుంచి కిందికి మూట 1, మూట 2 అని చీటీలు పెట్టండి.
- చీటీ మీద పెన్సిలుతోనే రాయండి. అసలు కాగితం మీద పెన్సిలు కూడా వద్దు.
- మూట కట్టిన గుడ్డ మీద, అట్ట మీద ఏమైనా రాసి ఉంటే అదే మొదటి ఆధారం. ఆ గుడ్డను పారేయకండి.
- ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పెట్టె ఎక్కడెక్కడ తిరిగిందో ఇప్పుడే అడిగి రాసుకోండి.

2. కావాల్సిన సామాన్లు

పెద్ద బల్ల, దాని మీద ఉతికిన తెల్ల దుప్పటి. మెత్తటి పెయింట్ బ్రష్, మాస్క్, పెన్సిళ్లు, పొడవాటి రిజిస్టరు, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క, పలచటి వెదురు పుల్ల. కొత్త మూటలకు నూలు గుడ్డ కావాలి. గంజి పెట్టిన గుడ్డ వాడొద్దు, పురుగు గంజి కోసమే వస్తుంది. బల్ల మీద టీ గ్లాసు, మంచినీళ్ల సీసా, తడి చేతులు ఉండకూడదు. ఫ్యాన్ ఆపేయండి.

3. దుమ్ము, చెద, పిన్నులు

బ్రష్‌తో మధ్యలోంచి అంచులవైపు తుడవండి. నోటితో ఊదకండి. బూజు ఉన్న కాగితాలను వేరే గదిలో, మాస్క్ పెట్టుకుని, నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే సిరా వెలిసిపోతుంది.

పిన్ను లాగితే తుప్పుతో పాటు కాగితమూ వస్తుంది. ఎక్స్‌రే ముక్కను పిన్నుకీ కాగితానికీ మధ్య దూర్చి, ఆ ముక్క మీదుగా పిన్నును మెల్లగా జరపండి. పిన్ను తీశాక ఆ కాగితాలను ఒక తెల్ల కాగితం మడతలో కలిపి ఉంచండి, జత విడిపోదు.

అంటుకున్న పేజీలను తడిపి విడదీయొద్దు. పాత సిరా నీళ్లు తగిలితే కారుతుంది. కాపీయింగ్ పెన్సిలుతో రాసినవైతే చెమ్మ తగలగానే ఊదా రంగు తిరుగుతాయి. వెదురు పుల్లతో అంచు నుంచి ప్రయత్నించండి, రాకపోతే అలాగే వదిలేసి రిజిస్టరులో "అంటుకుంది" అని రాయండి.

ఎక్కువ మంది చేసే తప్పులు, వాటికి విరుగుడు:

- చిరిగిన చోట సెలోటేపు వేయడం. కొన్నేళ్లకు పసుపు మరక మిగిలి టేపు ఊడిపోతుంది. ఇప్పటికే వేసి ఉంటే పీకకండి. కొత్తది మాత్రం వేయకండి.
- లామినేషన్. వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్లీ తీయలేరు. పిల్లలు ముచ్చటపడి తాతగారి మొదటి అపాయింట్‌మెంట్ ఆర్డరును లామినేషన్ చేయిస్తుంటారు. కలర్ జిరాక్స్ తీసి దాన్ని చేయించుకోమనండి.
- కలరా ఉండలు కాగితాల మధ్య వేయడం. ఆ వాసన మనుషులకే మంచిది కాదు. బాగా ఎండిన వేపాకు చిన్న సంచీలో కట్టి పెట్టె మూలన పెడితే చాలు. ఆకు పచ్చిగా ఉంటే చెమ్మ పెడుతుంది. దీన్ని నమ్ముకుని వదిలేయకుండా ఏడాదికి రెండుసార్లు మూట తిరగేసి చూడండి, అంతకు మించిన మందు లేదు.
- గోడకు ఆనించి, నేల మీద పెట్టె పెట్టడం. చెద వచ్చేది అటునుంచే. చెక్క పీట మీద, గోడకు జానెడు దూరంగా ఉంచండి.

4. సర్కారుదేది, సొంతమేది

ఇది తేలకుండా ముందుకు పోవద్దు. మూటలు కలపకుండానే, రిజిస్టరులో ఒక్కో కాగితం ఎదురుగా "స" (సర్కారు) లేదా "సొం" (సొంతం) అని రాసుకోండి.

సొంతమైనవి: ఆయన పేర వచ్చిన ఆర్డర్ల కాపీలు, చార్జి లిస్టులో ఆయన కాపీ, టూర్ డైరీ నకలు, జీతం చీటీలు, పెన్షన్ కాగితాలు, ఉత్తరాలు, ఫోటోలు, సన్మాన పత్రాలు.

సర్కారువి: సేత్వార్ (సర్వే నంబర్ల మూల రికార్డు), పహాణీ (ఏటేటా రాసే సాగు లెక్క), ఖాస్రా పహాణీ, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ రిజిస్టర్లు, రక్షిత కౌలుదార్ల రిజిస్టరు, గ్రామ పంచాయతీ తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్కు, ఎంబీ పుస్తకం (పనుల కొలతలు రాసేది), నోట్ ఫైలుతో సహా ఉన్న ఆఫీసు ఫైళ్లు. ఇవి ఎవరి తాత రాసినా ఇంటి ఆస్తి కావు.

పట్వారీ ఇళ్లలో ఇవి ఎందుకున్నాయో చెప్పాలి. పట్వారీకి ఇల్లే ఆఫీసు. 1984 జనవరిలో ఆర్డినెన్స్ తెచ్చి పటేల్ పట్వారీ ఉద్యోగాలను రద్దు చేసినప్పుడు రికార్డులు అప్పగించమన్నారు. కొందరు మొత్తం ఇచ్చారు, కొందరు ఇచ్చినంత ఇచ్చారు. తప్పు ఎవరిదని ఇప్పుడు తవ్వుకోవడం వల్ల ఉపయోగం లేదు.

తిరిగి ఇచ్చే పద్ధతి: రెవెన్యూ రికార్డయితే తహసీల్దారుకు, పంచాయతీదైతే పంచాయతీ కార్యదర్శికి లేదా ఎంపీడీవోకు ఉత్తరం రాయండి. పుస్తకం పేరు, ఊరు, సంవత్సరం, పేజీల సంఖ్య, మొదటి పేజీ, చివరి పేజీ నంబర్లతో జాబితా జత చేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. అక్కడ పెట్టి వెళ్లమంటే పెట్టకండి. జాబితాలోని ఏదైనా సర్వే నంబరు మీద కోర్టు కేసు నడుస్తోందని తెలిస్తే ముందు వకీలును కలవండి.

ఇంకో మాట. మీ ఇంట్లో పాత పహాణీలు ఉన్నాయని ఊళ్లో తెలిస్తే తెల్లారేసరికి వాకిట్లో నలుగురు ఉంటారు. భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చిన 2020 నుంచి పాత కాగితానికి గిరాకీ ఇంకా పెరిగింది. ఎవరికీ అసలు ఇవ్వకండి, ఫోటో తీసుకోనివ్వకండి. వాళ్లకు కోర్టులో, ఆఫీసులో పనికొచ్చేది సర్టిఫైడ్ కాపీ, అది ఇచ్చేది ఆఫీసే. మీరు చేయగలిగిన మేలు ఏ సంవత్సరం పహాణీ అడగాలో చెప్పడమే.

5. తేదీలు, డబ్బు, లిపి చదవడం

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజానికి నాలుగు విషయాలు తెలిస్తే సగం కాగితాలు దారికొస్తాయి.

ఫసలీ సంవత్సరం: ఇది పంట, శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలై ఆబాన్‌తో ముగుస్తుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన సంవత్సరం వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. పోలీసు చర్య ముగిసిన 1948 సెప్టెంబర్ 17 కూడా 1357 ఫసలీలోనే, దాని చివర్లో పడుతుంది.

నెల పేరు ఉంటే ఇంకా బిగించి చెప్పొచ్చు. ఆజూర్, దై నెలలైతే 590 కలపండి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా అయితే 591. మధ్యలో ఉన్న బహమన్ డిసెంబర్, జనవరి రెండింటినీ తాకుతుంది, కాబట్టి తేదీ చూడాలి.

తర్వాతి కాలపు రెవెన్యూ లెక్కల్లో కనిపించే ఫసలీ జులై 1న మొదలవుతుంది. 1434 ఫసలీ అంటే 2024 జులై నుంచి 2025 జూన్ దాకా. పాత నెలల లెక్క దీనికి వాడకండి.

హిజ్రీ: 13తో మొదలైందల్లా ఫసలీ కాదు. అదే 1948ని హిజ్రీలో రాస్తే 1367 అవుతుంది, పదేళ్ల తేడా వచ్చేస్తుంది. ఉర్దూ కాగితంలో సంవత్సరం పక్కన "ఫే" అక్షరం ఉంటే ఫసలీ, "హే" ఉంటే హిజ్రీ.

డబ్బు: జీతం 35 రూపాయలని చూసి వెంటనే రాసేయకండి. హాలీ సిక్కానా, కల్దారా చూడండి. హాలీ నిజాం రూపాయి, కల్దార్ బ్రిటిష్ ఇండియా రూపాయి. ఉజ్జాయింపుగా 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. అణాలు, పైసలు ఉంటే సాధారణంగా అది 1957కు ముందు లెక్క, ఆ ఏడు ఏప్రిల్ నుంచే నయాపైసలు వచ్చాయి.

లిపి: ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకూ పాత ఆఫీసు చేతిరాత ఒక పట్టాన లొంగదు. షికస్తాలో (వేగంగా రాసే గొలుసుకట్టు రాతలో) చుక్కలుండవు, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కొన్ని పాత లెక్కల్లో మొత్తాలు అంకెల్లో కాకుండా సియాఖ్ అనే పాత లెక్కల సంకేతాల్లో ఉంటాయి. ఊళ్లోని ఉర్దూ టీచరు చదవలేకపోతే ఆయన్ను చిన్నచూపు చూడకండి. రిటైరైన రెవెన్యూ గుమాస్తాలు, కోర్టుకు అనువాదాలు చేసే పాత ముతర్జిమ్‌లు పనికొస్తారు. వాళ్ల దగ్గరికి ఫోటో ప్రింటు తీసుకెళ్లండి, అసలు కాదు. అనువాదంలో అర్థంకాని చోట ఊహించి నింపవద్దని ముందే చెప్పండి. ఖాళీ గీత చాలు.

6. ఆ ఊరు అప్పుడు ఏ జిల్లా?

పెట్టెలో రాయచూరు ముద్ర ఉన్న ఆర్డరు దొరికితే "ఇది మనది కాదు" అని పక్కన పెట్టిన కుటుంబాన్ని చూశాను. వాళ్ల తాత పనిచేసింది గద్వాలలో. 1956 దాకా గద్వాల, అలంపురం రెండూ రాయచూరు జిల్లాలో ఉండేవి. కొడంగల్ గుల్బర్గా జిల్లాలో. అంటే 1956కు ముందటి ఉద్యోగం కాగితాలకు కొన్నిసార్లు కర్ణాటక వైపు కూడా చూడాలి.

మునగాల కథ ఇంకో రకం. 1959లో నల్లగొండలో కలిసేదాకా అది కృష్ణా జిల్లా పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మద్రాసు పద్ధతి. అక్కడి పాత కాగితాల్లో పట్వారీ బదులు కరణం కనిపిస్తాడు.

గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట సంస్థానాల్లో పనిచేసిన వాళ్లకు అపాయింట్‌మెంట్ ఇచ్చింది సంస్థానం. వాళ్ల తొలి సర్వీసు కోసం జిల్లా రికార్డుల్లో వెతికితే దొరక్కపోవచ్చు.

ఇక మొన్నటి మార్పులు: 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట. షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది. కాబట్టి ప్రతి పోస్టింగు ఎదురుగా రెండు గళ్లు పెట్టుకోండి: అప్పటి తాలూకా, జిల్లా, ఇప్పటి మండలం, జిల్లా.

7. ఉద్యోగ క్రమం పట్టిక

ఒక పొడవాటి కాగితం మీద ఈ గళ్లు గీయండి: హోదా, ఆఫీసు, ఊరు, ఆర్డరు తేదీ, చార్జి తీసుకున్న తేదీ, రిలీవ్ అయిన తేదీ, ఆధారం (మూట, కాగితం నంబరు).

మూడు తేదీలు వేరువేరు. ఆర్డరు మార్చిలో వచ్చి చార్జి జూన్‌లో తీసుకుని ఉండొచ్చు. మధ్యలో సెలవు, లేదా ట్రాన్స్‌ఫర్ ఆపించుకునే ప్రయత్నం. చార్జి తేదీ పక్కన ఎఫ్‌ఎన్, ఏఎన్ అని ఉంటే పొద్దున, మధ్యాహ్నం అని.

చార్జి లిస్టును చదవకుండా వదలకండి. మా పెదనాన్న లిస్టులో ఒకచోట బీరువా తాళాలు, సీళ్లు, గొలుసు, కుర్చీలు వరసగా ఉండి, కుర్చీల దగ్గర టైపు చేసిన 4 కొట్టేసి పెన్సిలుతో 3 అని ఉంది. పక్కన రెండు పొట్టి సంతకాలు. ఆ నాలుగో కుర్చీ ధర ఆయన జీతంలో పట్టుకున్న కాగితం తర్వాతి మూటలో దొరికింది. ఈ రెండు కాగితాల వల్లే ఆయన ఆ ఆఫీసు వదిలిన నెల ఖాయమైంది, ఆర్డరు ఇప్పటికీ దొరకలేదు.

హోదా పేరు కాలాన్ని చెబుతుంది:

- అవ్వల్ తాలూక్‌దార్ అంటే నిజాం కాలపు కలెక్టరు. తాలూకా ఆఫీసరు అనుకుని పొరపడకండి.
- గిర్దావరు అంటే తర్వాతి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు.
- సమితి ప్రెసిడెంటు అని ఉంటే 1959 తర్వాతిది. ఆ ఏడే నెహ్రూ షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. బీడీవో (బ్లాకు అభివృద్ధి అధికారి), గ్రామసేవక్ కనిపిస్తే బ్లాకుల కాలం, మండలాలకు ముందు.
- ఎమ్మార్వో అంటే 1985 తర్వాత. ఆ తర్వాత మళ్లీ తహసీల్దారు అనే పేరే వచ్చింది.
- వీఆర్వో అయితే 2020లో ఆ ఉద్యోగం రద్దయ్యే లోపు.

రెగ్యులర్ ఉద్యోగికి సర్వీస్ రిజిస్టరు ఉంటుంది. పట్వారీకి, మాలీ పటేల్‌కు, పోలీస్ పటేల్‌కు అలా వెతకకండి, అవి వంశపారంపర్యపు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు. వాళ్లకు వారసత్వ మంజూరు ఆర్డర్లే ఆధారం.

సస్పెన్షన్ ఆర్డరో, చార్జి మెమోనో దొరుకుతుంది. ఇంట్లోవాళ్లు ముందు చింపేది దాన్నే. చింపకండి. దాని వెనకే సంజాయిషీ, ఎంక్వైరీ రిపోర్టు, మళ్లీ డ్యూటీలోకి తీసుకున్న ఆర్డరు ఉంటాయి. మెమో పోతే ఆ మూడూ దేని గురించో తెలియదు.

8. రిజిస్టరు, ఫోటోలు

రిజిస్టరులో ఒక్కో కాగితానికి ఒక లైను: మూట, కాగితం నంబరు, ఉన్నది ఉన్నట్టు తేదీ, మార్చిన తేదీ, ఎవరి నుంచి ఎవరికి, ఫైలు నంబరు, భాష, విషయం, స/సొం, పరిస్థితి. ఫైలు నంబరు గడి ఎట్టిపరిస్థితుల్లో వదలకండి, ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

స్కానరుంటే 300 డీపీఐ, ఫోటోలకు 600. ఫోనైతే కిటికీ పక్క వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కాగితానికి నేరుగా పైనుంచి తీయండి. వెనకవైపు ఖాళీగా కనిపించినా తీయండి, డిస్పాచ్ ముద్రలు అక్కడే ఉంటాయి. ఫైలు పేరు "మూట03-014-ముందు" లాగా ఉంటే చాలు. ఒక కాపీ ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర, ఒకటి క్లౌడ్‌లో. వాట్సాప్‌లో పంపినదాన్ని కాపీగా లెక్కపెట్టకండి, అది నాణ్యత తగ్గించేస్తుంది.

9. ఆఫీసుల్లో, ఆర్కైవ్స్‌లో వెతకడం

హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. "మా తాత పేరు ఫలానా, ఆయన ఫైలు ఇవ్వండి" అంటే అక్కడ ఏమీ దొరకదు. ఫైళ్లు మనుషుల పేర్ల మీద ఉండవు; శాఖ, సంవత్సరం, నంబరు మీద ఉంటాయి. అందుకే ఇంటి కాగితాల మీద ఉన్న ఫైలు నంబర్లు ముందు రాసుకోమన్నది. ఆ నంబర్లే తాళంచెవులు.

వెళ్లేముందు ఒక పేజీలో రాసుకోండి: శాఖ, తాలూకా, ఫసలీ సంవత్సరాలు, ఫైలు నంబర్లు, విషయం. గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. ఏ రోజు ఏ టైంకు రావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

కలెక్టరేట్, తహసీల్ రికార్డు రూముల్లో ఫైలు నంబరు ముందు ఆర్.డిస్ అని ఉంటే శాశ్వతంగా ఉంచాల్సినది, అడగడం దండగ కాదు. డి.డిస్ అయితే పదేళ్లకు తీసేసే రకం. పాతది అడిగితే ఉండకపోవచ్చు, గుమాస్తా మీద కోప్పడి లాభం లేదు.

సర్వీస్ రిజిస్టరు కోసం చాలామంది నేరుగా సమాచార హక్కు దరఖాస్తు వేస్తారు. వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. ముందు చట్టబద్ధ వారసులుగా, డెత్ సర్టిఫికెట్, పెన్షన్ కాగితం జత చేసి చివరి ఆఫీసుకు మామూలు దరఖాస్తు పెట్టండి. జవాబు రాకపోతే అప్పుడు సమాచార హక్కు: గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు.

శ్రీశైలం ముంపు ఊళ్ల వైపు, కొల్లాపూర్ ప్రాంతంలో పనిచేసిన వాళ్ల పెట్టెల్లో నష్టపరిహారం జాబితాల నకళ్లు దొరుకుతుంటాయి. ముంపు నిర్వాసితులకు ఉద్యోగాలిచ్చే 1986 నాటి 98 జీవో కింద ఉద్యోగాల కోసం ఇప్పటికీ తిరుగుతున్నవాళ్లున్నారు. అవి దొరికితే వెంటనే విడిగా గుర్తుపెట్టి, ముందు వాటికే ఫోటోలు తీయండి.

10. చూపించాల్సినవి, దాచాల్సినవి, అప్పగింత

అర్జీలు, ఆకాశరామన్న ఉత్తరాలు, కుల ధ్రువపత్రాల విచారణలు, అన్నదమ్ముల పంపకాల పంచనామాలు... వీటిలో పేర్లున్నవాళ్లు, వాళ్ల పిల్లలు అదే ఊళ్లో ఉంటారు. రిజిస్టరులో వీటి ఎదురుగా ఎర్ర చుక్క పెట్టండి. ఊరి గ్రూపులో సరదాగా పెట్టిన ఒక పాత అర్జీ వల్ల మాటలు ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఇంట్లో ఉంచుకోలేం అనుకుంటే రాష్ట్ర ఆర్కైవ్స్‌ను, దగ్గరి యూనివర్సిటీని, జిల్లా గ్రంథాలయాన్ని అడగొచ్చు. మొదటే పెట్టె మోసుకెళ్లొద్దు. రిజిస్టరు జిరాక్స్ చూపించి, తీసుకుంటారా, ఎక్కడ పెడతారు, చదవాలనుకునేవాళ్లకు ఇస్తారా అని అడగండి. "పెట్టి వెళ్లండి, చూస్తాం" అన్న చోట ఇవ్వకండి.

ఇచ్చేరోజు వెంట ఉండాల్సినవి:

- కుటుంబంలో హక్కున్న వాళ్లందరి సంతకాలతో ఉత్తరం.
- మూటలు, కాగితాల సంఖ్యతో జాబితా, రెండు కాపీలు.
- ఎర్ర చుక్క ఉన్నవాటిని ఎన్నేళ్లు ఎవరికీ చూపకూడదో రాసిన షరతు.
- మీ దగ్గర ఫోటోలు ఉంచుకుంటున్నారన్న ఒక లైను.
- పాత మూట గుడ్డలు, వాటి చీటీలతో సహా.

జాబితాలోని సంఖ్యలను వాళ్ల ముందే లెక్కపెట్టించి, మీ కాపీ మీద సంతకం, తేదీ, ముద్ర మూడూ పడ్డాకే పెట్టె దించండి.